కొండ మీది నీళ్లు (గేరి ముచ్చట్లు – 23)

మా గేరిలో కొండని చూడ్డానికి కొండెక్కినోళ్లు ఎవురూ లేరు. కట్టెలకు ఎక్కినారు. గడ్డికి ఎక్కినారు. సీతాఫలాలకు, చీపురు పుల్లలకు, ఎవరివో మేకలు తప్పిపోతే వెతకడానికి ఎక్కినారు. పని లేకుండా ఎక్కి, ఊరికే అటూ ఇటూ చూసి, గాలి పీల్చుకుని దిగి రావడం అనేది ఒకటుంటుందని నాకు అనంతపురం హాస్టల్లో చేరినాకే తెలిసింది. హాస్టలు పిల్లోళ్లు ఒక ఆదివారం "ట్రెక్కింగ్ పోదాం రా" అంటే, అక్కడ కూలీ ఎంతిస్తారని అడిగినవాణ్ని నేను. వాళ్లు నవ్వినారు. నేనూ నవ్వినా, జోకు అనుకోనీలే అని.

ఈ మధ్య బెంగళూరులో ఉద్యోగం చేసే ఇద్దరు మిత్రులు ఫోన్ చేసినారు. "అన్నా, మీ అనంతపురంలో చూడ్డానికి ఏముంది? శని, ఆదివారాలు వస్తాం. చరిత్రా ఉండాల, నడకా ఉండాల" అన్నారు. గుక్క తిప్పుకోకుండా చెప్పేసినా. గుత్తి కోట, పెనుకొండ, రాయదుర్గం, రత్నగిరి, లేపాక్షి, తిమ్మమ్మ మర్రిమాను. (2022లో జిల్లా చీలినాక వీటిలో సగానికి పైగా శ్రీ సత్యసాయి జిల్లా కిందికి పోయినాయి గాని, మా నోటికి ఇంకా అన్నీ అనంతపురమే.) ఫోన్ పెట్టేసినాక మా పాప అడిగింది, "నాన్నా, గుత్తి కోట నువ్వు చూసినావా?" అని.

కింద నుంచి చూసినా. బస్సులో పోతూ వెయ్యి సార్లు చూసినా. ఎక్కింది లేదు.

అట్ల తయారైంది ప్రయాణం. నేను, ఎనిమిదో తరగతి చదివే మా పాప, డెబ్బై అయిదు దాటిన మా నాయన. అమ్మని పిలిస్తే, "మీకు పనీపాటా లేదు, నాకుంది" అనింది. నాయన రానంటాడనుకున్నా. మోకాళ్ల నొప్పులు. గుత్తికి పది కోసుల లోపలే పుట్టి పెరిగినోడు. గుత్తి స్టేషన్‌లో హమాలీ చేసినాడు, గుత్తిలో చెనిక్కాయ మూటలు మోసినాడు, కానీ కొండ మీదికి పోయినానని ఎప్పుడూ చెప్పలేదు. ఈ వయసులోనైనా ఒకసారి చూపిద్దామని నా ఆశ. అడిగితే ఒక్క నిమిషం నా మొహంలోకి చూసి, "పోదాం పా" అన్నాడు. అంతే.

నవంబరు నెల. వానలు అయిపోయి ఎండ ఇంకా ముదరని కాలం. అనంతపురం నుంచి గుత్తికి యాభై కిలోమీటర్ల చిల్లర, నలభై నాలుగో నంబరు హైవే. తెల్లారేసరికి గుత్తిలో ఉగ్గాని, బజ్జీ తింటాండాం. పాప మిరపకాయ బజ్జీకి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎవరైనా మా జిల్లాకి వస్తే కోటల కంటే ముందు ఇది తినండి. బొరుగుల్ని నానబెట్టి ఇంత రుచిగా చేసే జనం కరువుకి పుట్టినోళ్లే అయ్యుంటారు. ఉన్నదాంతో కడుపు నింపే విద్య అది.

కొండ కింద తెల్లోళ్ల సమాధుల తోట ఒకటుంది. ముందు అక్కడికి పోయినాం. సర్ థామస్ మన్రోని మొదట పూడ్చింది ఇక్కడే. 1800లో నిజాం మన సీమను కంపెనీకి రాసిచ్చినాక దత్త మండలాలకు మొదటి పెద్ద కలెక్టరుగా వచ్చినాడు. 1807 దాకా ఉన్నాడు. తర్వాత మద్రాసు గవర్నరై, దిగిపోయే ముందు తన పాత జిల్లాలని ఒకసారి చూసుకుందామని వచ్చి, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చచ్చిపోయినాడు. శవాన్ని గుత్తికి తెచ్చి పూడ్చినారు. 1831లో మళ్లీ తవ్వి మద్రాసు కోటలోని చర్చికి తీసుకుపోయినారు. అంటే సమాధి గుర్తు ఇక్కడుంది, మనిషి లేడు.

సీమలో మన్రోని దేవుడంటారు. ఆయన పేరు కలిపి పిల్లలకు మన్రోలప్ప అని పెట్టుకున్నారనీ అంటారు. నిజమే, పాళెగాళ్లని అణచినాడు, మధ్యలో జమీందారు లేకుండా రైతుకీ సర్కారుకీ నేరుగా లెక్క పెట్టినాడు. రైత్వారీ అంటే అది. నేను కాదనను. కానీ పట్టా ఎవరి పేరున ఎక్కింది? భూమి ఎవరి చేతిలో ఉంటే వాళ్ల పేరున. చేతిలో నాగలి ఉండి భూమి లేనోడు ఆ లెక్కలోకి రాలేదు. చెప్పు కుట్టినోడు, బాన కుట్టినోడు, చచ్చిన ఎనుమును లాగినోడు, తలారి, వెట్టి... వీళ్లందరికీ కలెక్టరు కచేరీ అంటే మూట మోసుకుపోయి బయట నిలబడే చోటు. మా ఇంటికి పట్టా అనే కాగితం మొదట వచ్చింది మా అబ్బకి, డీ.కే.టీ. పట్టా, ఒక కొండ వాలు కింద రెండెకరాలు. రాళ్లు ఏరితే ఏరినకొద్దీ పుట్టుకొచ్చే భూమి. మన్రో వచ్చిపోయి నూటయాభై ఏళ్లు దాటినాక.

నాయన సమాధుల మధ్య నిలబడి, "కలరాతోనా పోయింది?" అన్నాడు. అవునన్నా. "నీళ్ల జబ్బు" అని గొణుక్కున్నాడు. నేను అప్పుడు పట్టించుకోలేదు.

గుత్తి కొండ మైదానం మీంచి దాదాపు వెయ్యి అడుగులు లేస్తుంది. దూరం నుంచి చూస్తే బోడి రాయి. దగ్గరికి పోతే ఆ రాయిని చుట్టుకుంటూ గోడ, గోడకి వాకిలి, వాకిలి దాటితే మళ్లీ గోడ. నత్తగుల్లలా తిరిగి తిరిగి పోతుంది దారి. పదిహేను వాకిళ్లు అంటారు. మేము లెక్క తప్పినాం. కొండ మీద రాతిలో కన్నడ శాసనాలున్నాయి, పడమటి చాళుక్యుల ఆరో విక్రమాదిత్యుని కాలానివి. ఆ తర్వాత విజయనగరం, ఆ తర్వాత కుతుబ్ షాహీలు, మొఘలులు, మరాఠా ఘోర్పడే మురారిరావు, హైదర్ అలీ, టిప్పు, నిజాం, చివరికి కంపెనీ. ఇప్పుడు కేంద్ర పురావస్తు శాఖ. నీలం బోర్డు పెట్టినారు, పాడు చేస్తే శిక్ష అని. ఎవరు కట్టినారో అందులో ఉండదు.

రెండో మలుపు దగ్గర కొండ వాలంతా తంగేడు పూసి పచ్చగా ఉంది. నాయన ఆగినాడు. ఒక కొమ్మ విరిచి, బెరడు గోరుతో గీరి, వాసన చూసినాడు. "మీ అబ్బ చేతులు ఈ వాసనే" అన్నాడు పాపతో. పాపకి అర్థం కాలేదు. అప్పుడు కూర్చోబెట్టి చెప్పినాడు. తంగేడు చెక్క దంచి, లందలో నీళ్లు పోసి, ఎనుము తోలును నానబెట్టి, రోజుల తరబడి తిప్పి తిప్పి పదును చేస్తే, అది నీళ్లకు కుళ్లని తోలవుతుంది. దాన్ని ఆరెతో కుట్టి బాన చేస్తారు, కింద తొండం పెడతారు. కపిల బావికి కట్టి ఎద్దులు వెనక్కీ ముందుకీ నడిస్తే బాన నిండి పైకొస్తుంది, తొండం గుండా నీళ్లు కాలవలో పడతాయి. కరెంటు మోటార్లు రాకముందు ఈ జిల్లాలో తోట ఏదైనా పచ్చగా ఉందంటే దాని కింద ఒక మాదిగోడు కుట్టిన తోలుంది.

"ఆ నీళ్లు అందరూ తాగుతారా తాతా?"

"తాగుతారు. కపిల కాలవలో దోసిలి పట్టి తాగుతారు."

"మరి తోలు తాకితే పర్వాలేదా?"

నాయన నవ్వినాడు. "తోలు తాకితే పర్వాలేదు. తోలు కుట్టినోని పెండ్లాం కడవ తాకితేనే బావి మైలపడేది." మా అవ్వ ఊరబావి దగ్గర కడవ కింద పెట్టి, "నీళ్లు పొయ్యండమ్మా" అని నిలబడేది. ఎవరో ఒకరికి జాలి పుట్టి, ఎత్తునుంచి పోసేదాకా. ఒక్కో పూట మధ్యాన్నం అయ్యేది. అబ్బ కుట్టిన బాన ఆ ఊరి తోటల్లో అయిదారు బావుల మీద ఆడుతున్న కాలంలోనే ఇది.

ఈ ముచ్చట నేను చాలాసార్లు విన్నా. సభల్లో చెప్పినా కూడా. అసలు విననిది ఆ తర్వాత ఉంది.

ఇంకొంత పైకి పోయినాక దారి రెండుగా చీలింది. ఒకటి మెట్లలా బాగుంది. నేను అటు తిరిగినా. వెనకనుంచి నాయన, "అట్ల కాదురా, అది కొట్టు గదుల కాడికి పోతాది. ఇట్ల రా" అన్నాడు. పాప ఎగిరింది, "తాతకి దారి తెలుసు!" అని. నేను వెనక్కి తిరిగి చూసినా. ఆయన మొహం పక్కకి తిప్పుకుని నడుస్తాండాడు. మోకాళ్ల నొప్పులున్న మనిషి మాకంటే ముందు.

ఒక వాకిలి దాటినాక రాతిలో నీళ్లు నిలిచిన గుంట. పైన పాచి, అంచుల్లో ప్లాస్టిక్ గ్లాసులు. నాయన అక్కడ కూలబడినాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. పాప కోతుల్ని చూస్తా ఇంకో పక్కకి పోయింది.

"నేను వచ్చినారా ఇక్కడికి. పదమూడేళ్లప్పుడు."

అప్పుడు ఆయన ఒక రైతు ఇంట్లో జీతం ఉన్నాడు. ఆ ఇంటికి పట్నం నుంచి చుట్టాలొచ్చినారు. కోట చూడాలన్నారు. ఎద్దుల బండి కట్టినారు. వంట కట్టెలు, జంబుఖానా, గొడుగులు మా నాయన నెత్తిన. నీళ్ల కడవలు, తినే తిండి మోసేందుకు వేరే కులం పిల్లోళ్లు ఇద్దరు. ఎండాకాలం. పైన మురారిరావు కూర్చున్న మండపంలో జంబుఖానా పరిచినారు. ఆ పరిచిన జంబుఖానా మోసినోడు బయట మెట్ల కింద, అందరి చెప్పులకి కాపలా. దప్పిక. రెండుసార్లు అడిగినాడంట. "తెచ్చిన నీళ్లు చాలవు, దిగినాక తాగుదువులే" అన్నారు. వాళ్లు తిన్నాక చేతులు కడుక్కున్న నీళ్లు రాతి మీద నుంచి జారి ఆయన కాళ్ల దాకా వచ్చినాయంట. అది చెప్పేటప్పుడు ఆయన చెయ్యి అట్ల రాతి మీద జారింది, నీళ్లు ఎట్ల వచ్చినాయో చూపించినట్లు.

దిగేటప్పుడు ఈ గుంటలో నీళ్లు తాగినాడు. పచ్చటి నీళ్లు. ఇంటికి పోయినాక వాంతులు, విరేచనాలు. వారం దినాలు పడుకున్నాడు. ఆ వారం జీతంలో పట్టుకున్నారు.

"మీ అవ్వ ఏడ్చింది. కొండకి దండం పెట్టి, ఇంగ నా బిడ్డని నీ మీదికి పంపనులే తల్లీ అనింది. అంతే, మల్ల ఎక్కలేదు."

అరవై ఏళ్లు. నేను ముప్పై ఏళ్లుగా ఊరూరూ తిరిగి రెండు గ్లాసుల పద్ధతి మీద మాట్లాడినా, ఎవరెవరి సాక్ష్యాలో రాసుకున్నా. మా ఇంట్లో సాక్షి నన్ను కూడా అడగనీలేదు. ఎందుకు చెప్పలేదని అడిగినా. "చెప్తే నువ్వు రాసేస్తావు కదా" అన్నాడు. ఇప్పుడు రాయొచ్చా అంటే, "ఆ రైతు పేరు రాయొద్దు. వాళ్ల మనవళ్లు మంచోళ్లు" అన్నాడు. అందుకే రాయట్లేదు. (నాకైతే రాయాలనే ఉంది.)

ఈ కోట ఎట్ల పడిందో తెలుసా మిత్రులారా? ఫిరంగులకు పడలేదు. దప్పికకి పడింది. 1776లో హైదర్ అలీ దండు ఊరినీ దిగువ కోటనూ పట్టుకుంది. ఊరి జనం, పశువులు, గుర్రాలు అన్నీ పైకోటలోకి ఎగబాకినాయి. కొండ మీద నీళ్ల తొట్లు, బావులు చాలానే ఉన్నాయి. వందకు పైన అని ఇక్కడ చెప్తారు. అవి దండుకి సరిపోతాయి, ఊరికంతటికీ చాలవు. మురారిరావు రాజీకొచ్చి డబ్బు కడతానన్నాడు. కట్టలేని భాగానికి పూచీగా ఒక మనిషిని హైదర్ దగ్గరికి పంపినాడు. ఆ కుర్రవాడు హైదర్ మనుషులతో భోంచేస్తూ నోరు జారినాడు, పైన నీళ్లు నిండుకున్నాయి, లేకపోతే మా దొర రాజీకి వచ్చేవాడా అని. ఇంకేముంది, డబ్బు తక్కువైందని వంక పెట్టి హైదర్ మళ్లీ ముట్టడి బిగించినాడు. కోట దిగక తప్పలేదు. మురారిరావు కబ్బాళదుర్గం చెరలో పోయినాడు.

చరిత్ర పుస్తకాల్లో ఇది మురారిరావు ఓటమి కథ. నాకు మాత్రం ఆ రోజుల్లో కొండ మీద చివరి కడవ దగ్గర ఎవరిని ముందు నిలబెట్టి ఎవరిని వెనక నిలబెట్టినారో అనేదే మనసులో తిరుగుతుంది. రాజుకీ దప్పికయింది సరే. గుర్రానికీ అయింది. గుర్రాల లద్దె ఎత్తినోడికి, జీను కుట్టినోడికి? దిగినాక తాగుదువులే అన్నారా? పక్కన ఉన్న బావిలోకి తొంగి చూసినాం. ఎండిపోయింది. గట్టు రాయి మీద తాళ్లు ఒరుసుకున్న గాళ్లున్నాయి, వేలు పట్టేంత లోతు. పాప ఒక్కో గాడిలో వేలు పెట్టి లెక్కపెట్టింది. అంత మంది చేతులు ఆ తాడు లాగినాయని మాత్రం ఏ బోర్డూ లేకుండానే తెలుస్తుంది.

పైకి చేరేసరికి పది దాటింది. మురారిరావు మండపం కొండ అంచున ఉంటుంది. చిన్నది, సున్నం పూసి నునుపు చేసిన కట్టడం. ఇక్కడ కూర్చుని ఆయన చదరంగం ఆడేవాడనీ, ఊయల ఊగేవాడనీ, ఖైదీల్ని ఈ అంచు నుంచి తోయిస్తే చూసేవాడనీ చెప్తారు. కాలేజీ పిల్లలు నలుగురు రీల్సు తీసుకుంటాండారు. నాయన మెట్ల దగ్గర ఆగి చెప్పులు విప్పినాడు.

"తాతా, ఇది గుడి కాదు" అంది పాప.

ఆయన కిందికి చూసుకున్నాడు. తన చెప్పులు తనే ఎందుకు విప్పినాడో ఆయనకే తెలియనట్టు. మళ్లీ తొడుక్కున్నాడు. లోపలికి పోయి గోడకానుకుని కాళ్లు చాపుకుని కూర్చుని, "నీళ్లియ్యి" అన్నాడు. సీసా ఇచ్చినా. సగం తాగి, కొంచెం చేతిలో పోసుకుని మొహం కడుక్కున్నాడు. ఆ నీళ్లు రాతి మీద పారి మెట్ల దాకా పోయినాయి. ఆయన వాటినే చూస్తాండాడు. నేను ఫోటో తీద్దామని ఫోన్ తీసి, మళ్లీ జేబులో పెట్టేసినా.

గాలి మాత్రం చెప్పాల్సిందే. వెయ్యి అడుగుల కింద గుత్తి ఊరు, రైలు పట్టాలు, ఎర్రమట్టి, నల్లమట్టి పలకలు పలకలుగా. దూరంగా కొండల మీద గాలిమరలు. మా జిల్లాలో ఏడాదికి అయిదొందల యాభై మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. జైసల్మేర్ తర్వాత మనదే అని బడిలో గర్వంగా కంఠస్థం చేసినాం, అదేదో రెండో ర్యాంకు అయినట్లు. నీళ్లు లేని చోట గాలి ఉంది, ఎండ ఉంది. ఇప్పుడు ఆ రెండూ అమ్ముడుపోతున్నాయి. రాళ్లు తప్ప పండని డీ.కే.టీ. భూములకి అకస్మాత్తుగా కార్లలో మనుషులొస్తాండారు. 1977లో వచ్చిన చట్టం ఆ భూములు చేతులు మారకూడదనింది. మారకూడనివి ఎట్ల మారతాయో అది ఇంకో ఆదివారం. గుంతకల్లు వైపు చూపించి పాపకి హంపన్న కథ కూడా చెప్పినా. 1893లో తెల్ల సిపాయిలు ఇద్దరు ఆడవాళ్లని తరిమితే, రైల్వే గేటు కాపలాదారు హంపన్న వాళ్లని తన గదిలో దాచి అడ్డం నిలబడినాడు. కాల్చేసినారు. కాల్చినవాడు కోర్టులో నిర్దోషి అయినాడు. హంపన్నకి రాయి మిగిలింది. దాని గురించీ విడిగా రాయాలి.

అక్కడే ఇంకొకాయన కలిసినాడు. మా నాయన వయసే. ఆళ్ల మనవళ్లతో వచ్చినాడు. మంచి మాటకారి. కండువా పరిచి వేయించిన చెనిక్కాయలు పోసి, "తినండప్పా" అన్నాడు. ఈ సంవత్సరం పంట, తెగులు, మోకాళ్ల నొప్పికి ఏ నూనె మంచిది, అన్నీ మాట్లాడుకున్నారు ఇద్దరూ. నాకు చూడ్డానికి ముచ్చటేసింది. ఆ తర్వాత రావాల్సిన ప్రశ్న వచ్చింది. "ఏ ఊరప్పా మీది? ఎవురోళ్లు?"

నాయన చెయ్యి చెనిక్కాయల దగ్గర ఆగింది. కండువా సర్దుకుని ఊరి పేరు చెప్పినాడు. రెండో దానికి జవాబు చెప్పలేదు. నేను చెప్పినా, "మాదిగోళ్లం అన్నా" అని. ఆయన "అట్లనా, మంచిది మంచిది" అన్నాడు. రెండు నిమిషాలకి ఫోనేదో గుర్తొచ్చి లేచినాడు. పోతూ కాయలు మాకే వదిలేసినాడు, మొత్తం, కండువా మాత్రం దులుపుకుని. చెడ్డోడు కాదు. ఒక్క మాట అనలేదు. ఇట్లాంటిదాని మీద ఏ చట్టం కింద కేసు పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు. పాప, "ఎందుకు పోయినాడు?" అని అడిగితే నాయనే జవాబిచ్చినాడు. "ఎండకి." కాయలన్నీ ఒలుచుకుని తిన్నాం. బాగున్నాయి కూడా.

దిగి, తెచ్చుకున్న సంగటి, ఊరిబిండి చెట్టు కింద తిన్నాక, ఇంటికి పోదామంటే నాకు మనసొప్పలేదు. గుత్తి నుంచి పత్తికొండ దారిలో పదమూడు కిలోమీటర్లు పోతే ఎర్రగుడి. కర్నూలు జిల్లా. అక్కడ ఎనకొండ మీద అశోకుడు రాయించిన రాళ్లున్నాయి. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దం నాటివి. 1920ల చివర్లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంట్లో పడేదాకా ఊరోళ్లు వాటి పక్కనే మేకలు మేపుకున్నారు. తొలకరి వానలకి చుట్టుపక్కల తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జనం వజ్రాలు వెతుక్కుంటారు, అదొక తిరునాళ్ల. వజ్రాలకి వచ్చే వేలమందిలో ఈ రాళ్ల దాకా వచ్చేది ఎందరో!

ఇక్కడ కోట లేదు, బురుజు లేదు. మామూలు గుండ్లు. నిలువునా అక్షరాలు. పద్నాలుగు పెద్ద శాసనాలూ, చిన్న శాసనమూ, రెండూ ఒకే చోట ఉండటం దీని ప్రత్యేకత. బ్రాహ్మీ లిపి నాకు రాదు. ఇంట్లో పుస్తకాల నుంచి అర్థం కాగితం మీద రాసుకుపోయినా. చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి పోయి, తర్వాతి వరుస కుడి నుంచి ఎడమకి వస్తుంది. అది చెప్పగానే నాయన రాయి దగ్గరికి పోయి వేలు గాల్లో అటూ ఇటూ తిప్పినాడు. "సాలు తిరిగినట్లుంది. రాసినోడు దున్నినోడే" అన్నాడు. నాకు తెలిసిన ఏ పండితుడూ ఇంత బాగా చెప్పలేదు.

మొదటి శాసనం చదివినా. జీవహింస వద్దనీ, రాజు వంటశాలలో కూడా ఇప్పుడు రోజుకి రెండు నెమళ్లు, ఒక జింక మాత్రమే అనీ, అవి కూడా ముందు ముందు ఆపేస్తారనీ. "అట్లయితే మనకు కుదర్దు. ఆయనకంటే జింకలున్నాయి" అన్నాడు. ముగ్గురం నవ్వినాం. యుద్ధభేరి మోత పోయి ధర్మం మోత వచ్చిందని ఇంకో శాసనం. నాయన తప్పెట కొట్టినోడు కదా, చెవి నిక్కించి, "ఆ భేరి వాయించినోళ్లు ఎవురంట?" అన్నాడు. రాయలేదన్నా. దాసుల్ని, పనోళ్లని మర్యాదగా చూడాలని ఉన్న భాగం చదివితే ఏమీ అనలేదు.

రెండో శాసనం చదివినా. మనుషులకీ పశువులకీ వైద్యం ఏర్పాటు చేసినానని, దారుల వెంట మనుషులూ పశువులూ వాడుకోవడానికి బావులు తవ్వించి చెట్లు నాటించినానని.

"మల్ల చదువు" అన్నాడు.

చదివినా.

"పశువులకు కూడా రాసినాడా?"

"రాసినాడు."

"మనకు?"

"మనుషులకు అని ఉంది కదా నాయనా. దాంట్లోనే మనం."

ఆయన తల అడ్డంగా ఊపినాడు. "అట్ల రాస్తే సరిపోదురా. మనుషులకు అంటే మనకు కాదని ఎవురైనా అంటారు. పేరు పెట్టి రాయాల."

నేను వాదించబోయినా. 1927 మార్చి 20న మహాడ్‌లో అంబేడ్కర్ చవదార్ చెరువు నీళ్లు దోసిట్లో తీసుకున్న సంగతి చెప్దామనుకున్నా. పశువులు తాగుతాయి, మేము తాగకూడదా అనే కదా అక్కడి ప్రశ్న. అప్పటికే ఆ చెరువు అందరికీ తెరిచినట్లు మునిసిపాలిటీ తీర్మానం కాగితం మీద ఉంది, కాళ్లు మాత్రం దాకా పోలేదు. చెప్పబోయి ఆగినా. ఆయన చెప్పింది కూడా అదే కదా. పదిహేడో అధికరణ రాసినాయన ఊరికే సమానత్వం అని వదలకుండా అంటరానితనం అని దాని పేరు పెట్టి మరీ ఎందుకు రద్దు చేయించినాడో, బడికి పోని మా నాయన ఎర్రగుడి గుండు ముందు నిలబడి చెప్తాండాడు. ఇంకో మాట, అశోకుణ్ని కూడా నేను మొత్తంగా నెత్తిన పెట్టుకోను. ఈ శాసనాల్లోనే అడవి జనానికి బెదిరింపూ ఉంది, మారకపోతే శక్తి చూపిస్తానని. బౌద్ధం మనదే కాబట్టి రాజు కూడా మనవాడే అనుకునే మిత్రులు ఆ పదమూడో శాసనం ఒకసారి చదవండి. అయినా, దారిలో బావి తవ్వించి దాన్ని రాతి మీద చెప్పుకున్న రాజుకీ, కొండ మీద తొట్లు కట్టుకుని వాకిలి మూసుకున్న రాజుకీ మధ్య నన్ను ఎంచుకోమంటే, నేను ఈ పదమూడు కిలోమీటర్లు ఇటే వస్తా.

చీకటి పడే ముందు బయల్దేరినాం. పాప వెనక సీట్లో నిద్రపోయింది. దాని నోటుపుస్తకంలో ప్రాజెక్టుకని రాసుకున్నది రాత్రి చూసినా. "గుత్తి కోట: ఎత్తు, వెయ్యి అడుగులు. బావి గట్టు మీద తాడు గాళ్లు, పంతొమ్మిది. తాత ఇంతకుముందు ఒకసారి వచ్చాడు."

నాయన ఇంటికి రాగానే మంచం మీద వాలినాడు. అమ్మ వేడినీళ్లు తెచ్చి కాళ్లకి కాపడం పెడతాంటే, "మురారిరావు కూర్చున్న చోట కూర్చుని నీళ్లు తాగినానే" అన్నాడు.

"తాగినావులే. మోకాళ్లు పట్టుకున్యాయా లేదా, అది చెప్పు" అనింది అమ్మ.

"పట్టుకున్యాయి" అన్నాడు. రెండు దినాలు లేవలేదు. మూడో దినం, బెంగళూరోళ్లు ఎప్పుడొస్తారని అడిగినాడు. దారి తాను చూపిస్తాడంట.

జై భీమ్.